జూన్ 12 తర్వాత టీవీలో 11వ నంబరు ఛానల్ మాయం: డాలస్ వైపు ఉన్నవాళ్ళు సాయం చేయాలి

గోంగూర_ప్లేనో | 2009 జూన్ 15

నమస్కారం. వంటల విభాగంలో తప్ప ఇంకెక్కడా రాయని మనిషిని. ఇంట్లో పరిస్థితి టీవీ విభాగం దాకా లాక్కొచ్చింది.

మేము టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ప్లేనోలో అపార్ట్‌మెంట్లో ఉంటాం. మధ్య అంతస్తు, కింద ఒక ఇల్లు, పైన ఒక ఇల్లు. మార్చిలో మా వారి ప్రాజెక్టు ఆగిపోయాక తగ్గించుకున్న ఖర్చుల్లో కేబుల్ మొదటిది. పెళ్ళయిన కొత్తలో కొన్న 27 అంగుళాల డబ్బా టీవీ ఇంకా బ్రహ్మాండంగా పనిచేస్తోంది కాబట్టి, ప్రభుత్వం ఇంటికి రెండేసి ఇస్తున్న 40 డాలర్ల కూపన్లు తెప్పించుకొని ఒకదానితో, డిజిటల్ ప్రసారాన్ని పాత టీవీలో చూపించే కన్వర్టర్ పెట్టె కొన్నాం. రెండో కూపన్ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. యాంటెన్నా మాత్రం సొంత డబ్బుతోనే కొన్నాం. చిన్న దిమ్మ మీద జానెడు వెడల్పున్న గుండ్రటి తీగ. అట్టపెట్టె మీద ‘హెచ్‌డీ డిజిటల్’ అని వెండి అక్షరాలు. 35 డాలర్లు.

మొన్న శుక్రవారం వరకు 4, 5, 11, 13, 21, 33 ఛానళ్ళు అన్నీ అద్దంలా వచ్చేవి. 8 ఒక్కటే మొదటినుంచీ తలనొప్పి, వస్తే వచ్చింది లేకపోతే లేదు. శుక్రవారం, అంటే 12న, పెద్ద స్టేషన్లన్నీ పాత అనలాగ్ ప్రసారం ఆపేశాయి కదా. మాకు ముందే పెట్టె ఉంది కాబట్టి ఏ చింతా లేదనుకున్నాం. ఆ రోజు నుంచి 11 లేదు! తెర మీద ‘సిగ్నల్ లేదు’ అని వస్తోంది. మళ్ళీ స్కాన్ చేస్తే ఆ నంబరే జాబితాలోంచి పోయింది. 8 కూడా పూర్తిగా పోయింది. మిగిలినవన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి.

11 పోతే ఏమిటి అంటారేమో. ఒంగోలు నుంచి అత్తగారు, మామగారు వచ్చి ఉన్నారు. ఉదయం పది గంటలకు 11లో వస్తువుల ధరలు ఊహించే ఆట వస్తుంది చూడండి, అత్తగారికి ఇంగ్లీషు రాకపోయినా ఆ ఒక్కటీ అర్థమవుతుంది. వాషింగ్ మెషీన్ ధర ఆమె చెప్పిందే సరైనదైతే ఆ రోజు ఇంట్లో పండగ. మామగారేమో యాంటెన్నా చేత్తో పట్టుకొని హాలంతా తిరుగుతున్నారు. మేడ ఎక్కి తిప్పితే వస్తుందని ఆయన వాదన. ఎక్కడానికి ఆ మేడ మనది కాదు.

స్టేషన్‌లోనే ఏదైనా లోపమా? పెట్టె పాడైందా? లేక ఇంకా పెద్ద ‘డిజిటల్’ యాంటెన్నా కొనాలా? మా వారు దీన్ని వాపసు ఇచ్చేద్దాం అంటున్నారు.

ఇర్వింగ్_కాకి | 2009 జూన్ 15

స్కాన్ రెండుసార్లు చేయాలండీ. మొదట యాంటెన్నా వైరు పీకేసి స్కాన్ చేయండి. ఏమీ దొరకదు, పెట్టె పాత జాబితా మొత్తం మరిచిపోతుంది. తర్వాత వైరు పెట్టి మళ్ళీ స్కాన్ చేయండి. చాలామందికి ఇదే సరిపోతోంది. సరిపోకపోతే ఇక్కడ నెల్లూరు పెద్దాయన ఒకరున్నారు, ఆయన చూసేదాకా ఆగండి.

నెల్లూరు_బూస్టర్ | 2009 జూన్ 16

అమ్మా, స్టేషన్ బాగానే ఉంది, పెట్టె బాగానే ఉంది. పెట్టెను మార్చాల్సిన అవసరం లేదు, యాంటెన్నా సంగతి తర్వాత చెబుతాను. శుక్రవారం నాడు 11 తన చోటు మార్చుకుంది, మీ గుండ్రటి తీగకు కొత్త చోటు అందడం లేదు.

కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో చాలా ఏళ్ళు టీవీ రిపేరు షాపు నడిపాను. మద్రాసు దూరదర్శన్ పట్టడం కోసం ఇనుప గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి, నాలుగు వైపులా తీగలు లాగి కట్టి, చివర అల్యూమినియం యాంటెన్నా, దాని కింద సిగ్నల్ పెంచే బూస్టర్ బిగించిన చేతులివి. శుక్రవారం తమిళ పాటల వేళకి మా ఊళ్ళో అరవం రాని ఇళ్ళు కూడా నిశ్శబ్దమైపోయేవి. ఇప్పుడు కొడుకు దగ్గర క్యారల్టన్‌లో ఉంటున్నాను. ఇక్కడి గాలిలో ఏముందో చూడకుండా నాకు నిద్ర పట్టదు.

విషయానికి వస్తాను. డిజిటల్‌లో తెర మీద కనిపించే నంబరు ఒకటి, గాలిలో నడిచే అసలు ఛానల్ మరొకటి. వకీలు ఇల్లు మారి పక్క వీధికి వెళ్ళినా పాత బోర్డునే కొత్త గుమ్మానికి తగిలించుకున్నట్టు, స్టేషన్ ఏ ఛానల్‌కి మారినా జనానికి అలవాటైన నంబరునే చూపిస్తుంది. సిగ్నల్‌లోనే ఆ సమాచారం ఉంటుంది, పెట్టె దాన్ని చదువుకొని 11.1 అని రాస్తుంది.

ఇన్నేళ్ళూ దాదాపు ప్రతి పెద్ద స్టేషనూ రెండు ప్రసారాలు నడిపింది, ఒకటి అనలాగ్, ఒకటి డిజిటల్. మన 11 వాళ్ళ అనలాగ్ నిజంగానే 11లో ఉండేది, డిజిటల్ మాత్రం 19లో ఉండేది. మీరు జూన్ 12 వరకు అద్దంలా చూసింది ఆ 19ని. శుక్రవారం అనలాగ్ ఆపగానే 11 ఖాళీ అయింది, డిజిటల్‌ను తెచ్చి అక్కడ పెట్టారు. 8 వాళ్ళ డిజిటల్ 9లో ఉండేది, అదీ ఖాళీ అయిన 8లోకి వచ్చింది. మిగతావి చాలావరకు కదల్లేదు. మీ 4 నిజానికి 35లో ఉంది, 5 ఏమో 41లో, పిల్లల కార్యక్రమాల 13 ఏమో 14లో. అవి ఎందుకు పోలేదో అర్థమైంది కదా.

ఇప్పుడు అసలు సంగతి. 14 నుంచి పైనున్న ఛానళ్ళన్నీ పొట్టి అలలుండే యూహెచ్‌ఎఫ్. 7 నుంచి 13 వరకు పొడుగు అలలుండే వీహెచ్‌ఎఫ్‌లో పై భాగం, 174 నుంచి 216 మెగాహెర్ట్జ్. పాత 19 అంటే 500 మెగాహెర్ట్జ్, అక్కడ అల పొడవు 60 సెంటీమీటర్లు. కొత్త 11 అంటే 200 మెగాహెర్ట్జ్, అల పొడవు ఒకటిన్నర మీటర్లు. ఒక్క రాత్రిలో అల రెండున్నర రెట్లు పొడవైంది. మీ జానెడు తీగ జానెడే ఉంది. 8 మొదటినుంచీ ఎందుకు ఏడిపించిందో కూడా ఇందులోనే ఉంది. 9 కూడా వీహెచ్‌ఎఫే కదా, తీగ దాన్ని ఏనాడూ సరిగా పట్టలేదు.

‘హెచ్‌డీ డిజిటల్’ అన్న ఆ వెండి అక్షరాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. యాంటెన్నాకు అనలాగ్, డిజిటల్ అన్న తేడా తెలియదు. దానికి తెలిసింది తన పొడవు ఒక్కటే. టెక్సస్‌లో పాత ఇళ్ళ కప్పుల మీద తుప్పు పట్టిన స్టాండ్లకు ఇంకా వేలాడుతున్న అల్యూమినియం యాంటెన్నాలు ఈ పనిని మీ 35 డాలర్ల దానికన్నా మేలుగా చేస్తాయి.

మీరు కొనాల్సింది రెండు కడ్డీలు బయటికి లాగే పాతరకం యాంటెన్నా. మధ్యలో గుండ్రటి తీగ కూడా ఉన్నది తీసుకోండి, కడ్డీలు వీహెచ్‌ఎఫ్‌కి, తీగ యూహెచ్‌ఎఫ్‌కి. పది, పదిహేను డాలర్లకు దొరుకుతుంది. కూపన్ యాంటెన్నాకు చెల్లదు, పెట్టెకే. అది పంపిన రోజు నుంచి 90 రోజులే గడువు కాబట్టి ఫ్రిజ్ మీద దాని తేదీ చూడండి. పడకగది టీవీకి రెండో పెట్టె ఇప్పుడే తీసుకోవడం మంచిది, జూలై 31 తర్వాత కొత్తగా అడిగినా ఇవ్వరు.

బిగించేటప్పుడు: కడ్డీలు మొత్తం లాగవద్దు. ఒక్కోటి 15 అంగుళాలు చాలు, 8కీ 11కీ రెండింటికీ అదే సరిపోతుంది. వాటిని పైకి నిలబెట్టవద్దు, రెండు పక్కలకూ పడుకోబెట్టండి, ఎందుకంటే ఇక్కడి టీవీ ప్రసారం అడ్డంగా వచ్చే తరంగం. టవర్లన్నీ సెడార్ హిల్‌లో ఉన్నాయి, ఒక్కోటి వెయ్యి అడుగులు పైబడినవి. మీకు దక్షిణ నైరుతి దిక్కు, గాలిలో గీత గీస్తే 34 మైళ్ళు ఉండవచ్చు. కడ్డీల కొన అటు చూడకూడదు, కడ్డీలు ఆ దిక్కుకు అడ్డంగా ఉండాలి. కొన చూపిస్తే అసలేమీ రాదు. ఆ వైపు కిటికీ ఉంటే దాని దగ్గర పెట్టండి. టీవీ మీద, కంప్యూటర్ పక్కన పెట్టవద్దు.

మీ మామగారికి ఒక మాట చెప్పండి. అనలాగ్‌లో తిప్పుతూ ఉంటే బొమ్మ ముందు మసకగా, తర్వాత నీడలతో, తర్వాత శుభ్రంగా వచ్చేది, చేతికి దారి తెలిసేది. ఇందులో అలా ఉండదు. సిగ్నల్ కాస్త తగ్గినా బొమ్మ పూర్తిగా బాగుంటుంది, ఇంకొంచెం తగ్గితే గళ్ళు గళ్ళుగా విరుగుతుంది, ఆపైన ఏమీ ఉండదు. పైగా పెట్టెకు లెక్క కట్టడానికి సమయం పడుతుంది. కాబట్టి కొంచెం తిప్పి, చేయి తీసేసి, పక్కకు జరిగి, అయిదారు సెకన్లు ఆగాలి. మనిషి ఒళ్ళు కూడా ఈ తరంగాలకు అడ్డే. చేత్తో పట్టుకొని తిరిగితే ఆయన నిలబడ్డ చోట వస్తుంది, పక్కకు జరగగానే పోతుంది. రిమోట్‌లో నొక్కితే తెర మీద సిగ్నల్ బలం చూపే పట్టీ వస్తుంది, బొమ్మను కాక దాన్ని చూస్తూ అమర్చమనండి.

గోంగూర_ప్లేనో | 2009 జూన్ 18

బాబాయి గారూ, 11 వచ్చింది! పదకొండు డాలర్ల యాంటెన్నా. మామగారు స్కేలు పెట్టి కడ్డీలు కొలిచారు, అంగుళం తేడా రానివ్వలేదు. అత్తగారు నిన్న ఒక సోఫా సెట్టు ధర దగ్గర ఓడిపోయారు, ఆ ధర అన్యాయం అంటున్నారు.

8 మాత్రం రాత్రి బాగుంటోంది, పగలు ఉన్నట్టుండి గళ్ళు పడి మళ్ళీ సర్దుకుంటోంది. విమానం వెళ్ళేటప్పుడే అలా అవుతోందని మామగారు కనిపెట్టారు. నిజమేనా, ఆయన ఊహా?

ఇంకో సంగతి. మాకు బాల్కనీ ఉంది, సరిగ్గా దక్షిణం వైపు. అక్కడ పెడదామని ఆఫీసులో అడిగితే ‘బయట ఏ యాంటెన్నా పెట్టకూడదు, ఒప్పందంలో ఉంది’ అని ఒక కాగితం చేతిలో పెట్టారు.

లాయరు_కాదు | 2009 జూన్ 18

ఆ కాగితం చెల్లదు. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఆధారంగా, అమెరికాలో ప్రసారాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌సీసీ చేసిన నియమం ఒకటి ఉంది. సొంత ఇంటివాళ్ళు టీవీ యాంటెన్నా పెట్టుకోకుండా ఇళ్ళ సంఘాలు అడ్డుకోకూడదు. 1999లో దాన్ని అద్దెవాళ్ళకూ వర్తింపజేశారు. షరతు ఏమిటంటే ఆ చోటు మీ ఒక్కరి వాడకంలోనే ఉండాలి. మీ బాల్కనీ అలాంటిదే. మేడ, మెట్లు, అందరికీ ఉమ్మడిగా ఉన్న బయటి గోడ అలాంటివి కావు, అక్కడ వాళ్ళ మాటే చెల్లుతుంది.

కాబట్టి గోడకు రంధ్రం వేయవద్దు, రెయిలింగ్ దాటి బయటికి చాచవద్దు. బాల్కనీలోనే కుర్చీ మీదో, బరువైన కుండీలో పాతిన కర్రకో కట్టండి. వైరు లోపలికి తేవడానికి తలుపు సందులో పట్టే చప్పటి వైరు ముక్క దుకాణాల్లో దొరుకుతుంది. ప్రమాదం విషయంలో వాళ్ళు న్యాయమైన షరతులు పెట్టవచ్చు, గాలికి ఎగిరి కింద వాళ్ళ మీద పడేలా ఉంటే అడిగే హక్కు వాళ్ళకుంది. అంతేగాని అసలు వద్దనడానికి లేదు. ఆఫీసుకు వెళ్ళి గొడవపడకుండా ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో ఉన్న ఆ నియమం ప్రతి అచ్చు తీసి మర్యాదగా ఇవ్వండి. మా కాపెల్ అపార్ట్‌మెంట్లో ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

గార్డెన్‌స్టేట్_గుంటూరు | 2009 జూన్ 19

మీకు 11తోనే ఇంత కథ ఉంటే మా సంగతి వినండి. మేముండేది న్యూజెర్సీలో చెర్రీ హిల్, ఫిలడెల్ఫియా టవర్లకు పట్టుమని ఇరవై మైళ్ళు కూడా లేదు. అక్కడ 6వ నంబరు స్టేషన్ డిజిటల్‌ను మళ్ళీ 6లోనే పెట్టింది. అంటే వీహెచ్‌ఎఫ్‌లో అడుగు భాగం, 82 నుంచి 88 మెగాహెర్ట్జ్. ఊళ్ళో సగం మందికి పోయింది. పవర్ పెంచే ప్రయత్నంలో ఉన్నారని వార్తలు వస్తున్నాయి. చికాగోలో 7తోనూ ఇదే గోల అని మా బావ చెబుతున్నాడు.

ఇంకో నష్టం ఎవరూ చెప్పరు. అనలాగ్ 6 శబ్దం 87.75 మెగాహెర్ట్జ్ మీద ఉండేది. కారు రేడియోను ఎఫ్‌ఎం అడుగుకు, 87.7కి తిప్పితే టీవీ వార్తలు వినబడేవి. సాయంత్రం వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు నాకు అదే తోడు. 12వ తేదీ తర్వాత అక్కడ బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు.

పెద్దాయనా, మాకు కడ్డీలు ఎంత పొడవు లాగాలి? బూస్టర్ కొంటే పని జరుగుతుందా? దుకాణంలో అందరూ అదే అంటున్నారు.

నెల్లూరు_బూస్టర్ | 2009 జూన్ 20

ముందు గుంటూరు బాబుకి. 6కి కడ్డీ ఒక్కోటి 35 అంగుళాలు, అంటే చాలా యాంటెన్నాల్లో చివరంటా లాగడమే. ఆ అడుగు ఛానళ్ళలో ఇంకో తిప్పలు ఉంది. మిక్సీ, ట్యూబులైటు, పక్కింటి డ్రిల్లు, ఉరుము, ప్రతి దాని రొదా అక్కడికే చేరుతుంది. అనలాగ్‌లో అది తెర మీద గీతల్లా కనబడి పోయేది, డిజిటల్‌లో బొమ్మనే మింగేస్తుంది. స్టేషన్లు వీహెచ్‌ఎఫ్‌ను వదలకపోవడానికి కారణం కరెంటు బిల్లు. తక్కువ పవర్‌తో ఎక్కువ దూరం పోతుంది. కాగితం మీద లెక్క సరైనదే, ఆ కాగితంలో మన వంటింటి మిక్సీ లేదు.

బూస్టర్ గురించి. నా పేరులోనే ఉంది కాబట్టి నన్నే అడుగుతారు. బూస్టర్ లేని సిగ్నల్‌ను పుట్టించదు. వచ్చిన దాన్ని, దానితో వచ్చిన రొదను కలిపి పెంచుతుంది, తన రొద కొంచెం జోడిస్తుంది కూడా. నెల్లూరులో మేము దాన్ని గొట్టం చివర, యాంటెన్నా పక్కనే బిగించేవాళ్ళం. ఎందుకంటే అంత పొడవు వైరు కిందికి దిగేసరికి సిగ్నల్ సగం చచ్చిపోయేది, ఆ నష్టాన్ని పూడ్చడానికే అది. మీకు యాంటెన్నా నుంచి పెట్టెకు ఆరడుగుల వైరు. అక్కడ పూడ్చడానికి నష్టమేముంది? ఒక వైరును రెండు టీవీలకు చీలిస్తే ఒక్కోదానికి సగం కన్నా తక్కువే చేరుతుంది, పొడవైన వైరుతో అలా చీలిస్తేనే బూస్టర్‌కు పని.

టవర్లకు దగ్గరగా ఉండి చౌక బూస్టర్ పెడితే ఇంకా చెడుతుంది. ఎఫ్‌ఎం రేడియో 88 నుంచి 108 దాకా. దాన్ని రెట్టింపు చేయండి: 176 నుంచి 216. సరిగ్గా 7 నుంచి 13 ఛానళ్ళ మీద పడుతుంది. బూస్టర్ మోయలేనంత ఎఫ్‌ఎం దానిలోకి దూరితే అదే ఆ రెట్టింపు రొదను తయారుచేసి మీ టీవీ మీద పోస్తుంది. కొనాలనే పట్టుదల ఉంటే ముందు ఎఫ్‌ఎంను ఆపే చిన్న ఫిల్టర్ ఒకటి పెట్టి చూడండి.

ప్లేనో అమ్మా, మీ మామగారి పరిశీలనకు నా నమస్కారం. విమానం రేకు నుంచి కొట్టుకొని వచ్చిన సిగ్నల్ అసలు సిగ్నల్‌తో కలిసి తగవు పడుతుంది. పాత టీవీలో ఆ సమయానికి బొమ్మ వెనక నీడ బొమ్మ ఊగేది. కొత్త పెట్టెలు ఆ నీడను చాలావరకు లెక్కగట్టి తీసేస్తాయి, కానీ వేగంగా కదిలే వస్తువైతే వాటికి అందదు. బాల్కనీలో పెడితే అసలు సిగ్నల్ బలపడుతుంది, విమానం గొడవ దానంతట అదే తగ్గుతుంది. అపార్ట్‌మెంట్ గోడల్లో, ఎండ ఆపే పూత పూసిన కిటికీ అద్దాల్లో ఎంత పోతుందో బయట పెట్టాక మీకే తెలుస్తుంది.

ఇంకొకటి, అడగకపోయినా చెబుతున్నాను. తుపాను కాలం ఇది. చాలా ఇళ్ళలో సుడిగాలి హెచ్చరికల కోసం బ్యాటరీతో నడిచే అరచేతి టీవీలు ఉన్నాయి. అవన్నీ అనలాగే, శుక్రవారంతో పనికిరాకుండా పోయాయి. కరెంటు పోతే కన్వర్టర్ పెట్టె కూడా పోతుంది. వాతావరణ శాఖ రేడియో ఒకటి కొని బ్యాటరీలు వేసి ఉంచండి. అది 162.40 నుంచి 162.55 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు ఛానళ్ళలో వస్తుంది, హెచ్చరిక పడితే అర్ధరాత్రి అయినా తనంతట తానే అరుస్తుంది.

మిర్చి_బజ్జీ_హ్యూస్టన్ | 2009 జూన్ 21

అంతా బాగుంది కానీ దీనితో తెలుగు ఛానళ్ళు వస్తాయా?

నెల్లూరు_బూస్టర్ | 2009 జూన్ 21

రావు. వాటికి డిష్షు ఉంది, డబ్బు కట్టండి.

గోంగూర_ప్లేనో | 2009 జూన్ 27

బాల్కనీలో తులసి కుండీ పక్కన కర్రకు కట్టాం. 8 పగలూ రాత్రీ నిలబడింది. ఆఫీసువాళ్ళు కాగితం తీసుకొని ‘చూస్తాం’ అన్నారు, చూస్తూనే ఉన్నారు. రెండో పెట్టె కూడా కొన్నాం. అందరికీ ధన్యవాదాలు, గోంగూర పచ్చడి ఎవరికి కావాలో చెప్పండి.

ఫ్రిస్కో_కొత్తిల్లు | 2020 ఆగస్టు 9

పాత చర్చ పైకి లేపుతున్నందుకు క్షమించండి. వెతికితే ఇదే దొరికింది. ఫ్రిస్కోలో కొత్త ఇల్లు. నెలనెలా కట్టే ఇంటర్నెట్ టీవీ ఆపేసి, కాగితమంత పలచటి యాంటెన్నా కొని అటకలో పెట్టాను. చాలా వస్తున్నాయి. 5 ఇదివరకు అపార్ట్‌మెంట్లో వచ్చేది, ఇక్కడ అదే టీవీకి తగిలిస్తే లేదు. 8 అసలు రాలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ లెక్కలన్నీ అవేనా?

నెల్లూరు_బూస్టర్ | 2020 ఆగస్టు 10

ఇంకా ఇక్కడే ఉన్నాను బాబూ. లెక్కలు అవే, ఇళ్ళు మారాయి.

2009లో 52 నుంచి 69 వరకు ఛానళ్ళు తీసి ఫోన్ కంపెనీలకు, కొంత పోలీసు, అగ్నిమాపక రేడియోలకు ఇచ్చారు. ఆ తర్వాత ఇంకో వేలం వేసి 38 నుంచి 51 వరకు కూడా తీసేశారు. అందరికన్నా ఎక్కువ టీ-మొబైల్ కొనుక్కుంది. స్టేషన్లన్నీ 36 లోపు సర్దుకోవాలి, ఆ సర్దుడు దేశమంతటా ఈ జూలైకి ముగిసింది. మన 5 ఇదివరకు 41లో ఉండేది కదా, ఇప్పుడు 24లో ఉంది. మీ టీవీ పాత జాబితానే పట్టుకొని 41లో వెతుకుతోంది. వైరు పీకి ఒక స్కాన్, పెట్టి ఒక స్కాన్, పైన ఇర్వింగ్ ఆయన చెప్పినట్టే.

11 వీహెచ్‌ఎఫ్‌లో ఉండలేక ఆ తర్వాత తన పాత 19కే తిరిగి వెళ్ళింది, కాబట్టి దానితో మీకు ఇబ్బంది లేదు. 8 మాత్రం ఇప్పటికీ 8లోనే ఉంది. మీ కాగితం యాంటెన్నా చూడటానికి నాజూకుగా ఉంటుంది గాని దానిలో 15 అంగుళాల కడ్డీ ఎక్కడుంది? పైగా కొత్త ఇళ్ళ అటకల్లో ఎండ వేడి రాకుండా కప్పు చెక్కకు లోపలివైపు మెరిసే రేకు అంటిస్తున్నారు. టార్చ్ వేసి పైకి చూడండి. వెండి రంగు కనిపిస్తే మీరు యాంటెన్నాను రేకు పెట్టెలో పెట్టినట్టే, మిగతావి వస్తున్నాయంటేనే ఆశ్చర్యం.

బయట పెట్టండి. వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ రెండూ పట్టేది, మధ్యరకం సైజు చాలు. ఇళ్ళ సంఘం వాళ్ళు లేఖ పంపితే లాయరు కాని ఆయన రాసింది చూపించండి, ఆ నియమం ఇంకా ఉంది. సెడార్ హిల్ మీకు దాదాపు నలభై మైళ్ళు, నేరుగా దక్షిణం, పిసరంత పడమర. ఫోనులో దిక్సూచి పెట్టుకొని 190 డిగ్రీల దగ్గర మొదలుపెట్టండి. అంత దూరానికి, యాంటెన్నా పక్కనే బిగిస్తే, బూస్టర్ వద్దనను.

అన్నీ చేశాక కూడా 8 సాయంత్రం పూట మాత్రమే విరుగుతుంటే ఎల్‌ఈడీ దీపాలు ఒక్కొక్కటే ఆర్పి చూడండి. చౌక దీపాల్లో ఉండే కరెంటు మార్చే ముక్క ఆ ఛానళ్ళ మీదే రొద చిమ్ముతుంది. మా ఇంట్లో దొరికిన దొంగ ఏమిటంటే, గ్యారేజీ తలుపు మోటారుకు బిగించిన దీపం.